దివాన్ మీద నింద

గౌలిపురా, హైదరాబాద్
15 జులై 2024

బామ్మర్ది అంజన్‌కు,

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. లేదా ఇప్పుడే నవ్వేయ్, చదివాక ఎలాగూ తప్పదు. మీ అక్క యశోద ఫోన్ స్పీకర్‌లో పెట్టకుండా మాట్లాడదని నీకు తెలుసు. నా వాట్సాప్ మా అమ్మాయి సాహిత్య ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఇక నువ్వు పంతులుగా ఉన్న ఉట్నూరు అడవిలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలట. నేను చెప్పబోయేది గుట్టెక్కి వినే సంగతి కాదు.

దీపావళి తర్వాత సదర్ పండగలో ఊరేగించడానికి నెల కింద హర్యానా నుంచి దున్నను తెప్పించాను కదా. దివాన్ అని పేరు పెట్టాం. జల్‌పల్లి పాకలో దానికి కూలర్ పెట్టాను. ఇంట్లో తనకు లేని కూలర్ దున్నకెందుకని మీ అక్క వారం రోజులు లొల్లి చేసింది. సరే, అసలు సంగతి. మొన్న దాణా పెడుతుంటే అది తల విసిరింది. సరిగ్గా ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలింది. కుడి గజ్జ నుంచి కిందికి నిమ్మకాయంత గడ్డ ఉంది. నొప్పి లేదు, నడిస్తే అడ్డం వస్తోంది.

నా నడక చూసి మీ అక్క అడిగింది. దున్న కుమ్మిందన్నాను. గంటలో గల్లీ అంతా తెలిసింది. పాల వ్యాపారంలో మర్యాదల లెక్క నీకు తెలుసు కదా. బర్రె తన్నిందంటే పిండడం రానివాడంటారు, దున్న కుమ్మిందంటే మొనగాడంటారు. మన శివయ్య మామనే చూడు. మూడేళ్ల కింద సదర్‌లో ఆయనను దున్న కుమ్మిందట. అప్పటినుంచి కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తాడు. ఆ నడక చూసే సదర్ కమిటీకి అధ్యక్షుణ్ని చేశారు. నిన్న నా నడక చూసి వీపు మీద ఒక్కటిచ్చి, "ఇప్పుడైనవ్ రా మొగోనివి" అన్నాడు.

మీ అడవిలో పూతమందు ఏదైనా ఉంటే కనుక్కో. జవాబు ఇంటికి రాయకు. ఉస్మాన్‌గంజ్‌లో శివయ్య మామ దాణా కొట్టుకు రాయి. తవుడు కోసం పోయినప్పుడు తెచ్చుకుంటాను.

నీ బావ,
వేణుగోపాల్

ఉట్నూరు
24 జులై 2024

బావా,

నీ కవరు చూసి మా హెడ్మాస్టర్ కోర్టు నోటీసనుకుని చేతులు కడుక్కుని మరీ అందుకున్నాడు. నేను నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి చదివి, పిల్లలు పరుగెత్తుకొచ్చేంత గట్టిగా నవ్వాను.

సందుకో ఆసుపత్రి ఉన్న ఊళ్లో కూర్చుని ఉట్నూరు ఆకుల కోసం ఉత్తరం రాస్తున్నావు. ఇక్కడివాళ్లేమో జ్వరమొస్తే హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. దారిలో మీరూ వాళ్లూ ఎదురుపడితే ఒకరినొకరు పలకరించుకోండి.

నాకు తోచింది చెప్పనా? నీది వరిబీజం. మా తాతకు ఉండేది. నీరు పట్టడమే, ప్రాణం మీదికి వచ్చేది కాదు. పంచె కట్టినంత కాలం ఆయన పరువు నిలబడింది, ప్యాంటు కుట్టించిన రోజే పోయింది. నీ కోసం ఒక లంగోటా పార్సిల్ చేశాను, గట్టిగా బిగించుకో. అయినా ముందు డాక్టరుకు చూపించు. నేను చెప్పేది సోషల్ పాఠం, వైద్యం కాదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. సాహిత్య పంపిన వీడియోలో మీ దివాన్ పక్కింటి పాప చెయ్యి నాకుతోంది. చెవి పట్టుకుని లాగినా ఊరుకుంది. అంత సాధుజీవికి నిన్ను చూడగానే పౌరుషం ఎందుకు పొడుచుకొచ్చిందో! కూలర్ తిప్పడం మరిచిపోయావా?

నవ్వు ఆపుకుంటూ,
అంజన్

గౌలిపురా
11 ఆగస్టు 2024

అంజన్,

నీ లంగోటా నాకు అందలేదు. శివయ్య మామ పార్సిల్ విప్పి, తనకే పంపావనుకుని కట్టుకున్నాడట. "మీ బామ్మర్దికి పెద్దలంటే మస్తు మర్యాద" అని నలుగురి ముందు మెచ్చుకున్నాడు. తిరిగి ఇమ్మని ఎలా అడగను? నీ ఉత్తరం మాత్రం ఇచ్చాడు. మడత విప్పితే లోపల తవుడు రాలింది. కవరులోకి తవుడు దానంతటది పోదు కదా.

డాక్టరుకు చూపించాను. మా గల్లీ చివర క్లినిక్. దున్న కుమ్మిందని చెప్పగానే ఆయన చేత్తో నొక్కి చూసి, లోపల రక్తం గడ్డకట్టిందన్నాడు. బిళ్లలు ఇచ్చాడు. నెలాఖరుకు తగ్గకపోతే సూది పెట్టి లాగేస్తానన్నాడు. తగ్గే సూచన లేదు. నిమ్మకాయ ఇప్పుడు బత్తాయి అయింది.

మీ అక్క దివాన్ మీద యుద్ధం ప్రకటించింది. బెల్లం బంద్, కూలర్ బంద్. రోజూ పాకకొచ్చి దాని ముఖం మీదే తిడుతోంది. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినవ్ గదరా" అంటుంటే అది తల వంచుకుని వింటోంది. నాకే ఎటో చూడాలనిపిస్తుంది. మామ మాత్రం సదర్‌కు ఫ్లెక్సీ కొట్టిస్తున్నాడు. ఒక పక్క దివాన్, ఒక పక్క నేను, కింద "దున్న దెబ్బకు నిలబడ్డ వీరుడు" అని. నన్ను వేదిక మీద సన్మానిస్తారట.

నువ్వు వరిబీజం అన్నావు కదా, కాదేమో. వరిబీజం మెత్తగా ఉంటుందంటారు, ఇది గట్టిగా ఉంది. ఉగాది నాడు తలంటు పోసుకుంటుంటే మొదటిసారి చేతికి తగిలింది. అప్పుడు శనగగింజంతే. ఇంత పెరుగుతుందని ఎవరనుకున్నారు?

ఫికర్ చెయ్యకు. అక్కకు ఏమీ చెప్పకు.

నీ బావ,
వేణుగోపాల్

ఉట్నూరు
19 ఆగస్టు 2024

వీరుడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉగాది వచ్చింది ఏప్రిల్‌లో. దివాన్ లారీ దిగింది జూన్‌లో. అంటే ఆ దున్న హర్యానాలో నిలబడి హైదరాబాద్‌లో ఉన్న నిన్ను కుమ్మింది! దాన్ని సదర్‌లో ఊరేగించడం కాదు బావా, సైన్యంలో చేర్చాలి.

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. నువ్వు కుమ్మిందన్నావు, అక్క బెల్లం ఆపింది, మామ ఫ్లెక్సీ కొట్టించాడు, డాక్టరు సూది తీశాడు. దెబ్బ అని చెబితే ఆయన దెబ్బకే మందిస్తాడు. ఆయన తప్పేముంది? నీ గొప్ప కోసం నువ్వు రోగం పేరు మార్చావు.

ఎందుకు మార్చావో కూడా నాకు తెలుసు. ఆ చోట ఊరికే గడ్డ వచ్చిందంటే ఎక్కడెక్కడ తిరిగాడో అంటారని భయపడ్డావు. మీ గల్లీ నోళ్లు నాకు తెలియనివా? కానీ నాలుగు నెలలకు పైగా పెరుగుతూ, నొప్పి లేకుండా, గట్టిగా ఉన్న గడ్డ అంటే నాకు నవ్వు రావడం లేదు. ఆ సూది పెట్టించుకోకు. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి పోయి దున్న లేదు, దెబ్బ లేదు, ఉగాది నుంచీ ఉంది అని చెప్పు. మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలకు నీ మగతనం ఏమీ కరిగిపోదు.

శివయ్య మామా, ఈ ఉత్తరం ఎలాగూ మీరే ముందు చదువుతారు కాబట్టి మీకూ ఒక మాట. లంగోటా బాగా కుదిరిందని ఆశిస్తాను. తవుడు చేతులు కడుక్కుని చదవండి. మా బావను బతకనియ్యండి, ఫ్లెక్సీ ఆగుతుంది.

కోపంతో,
అంజన్

గౌలిపురా
15 సెప్టెంబర్ 2024

అంజన్,

మామ ఈసారి కవరు ఇస్తూ నా ముఖంలోకి చూడలేదు. చదివాడన్నమాట.

నువ్వు చెప్పినట్టే చేశాను. దున్న లేదు అనగానే మా డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "గా ముచ్చట ముందే చెప్పాలె గదనే, సూది గుచ్చుతుంటి" అని, ఆ రోజే స్కాన్‌కు పంపాడు. అక్కడినుంచి క్యాన్సర్ ఆసుపత్రికి. అక్కడ నన్ను చూసిన సర్జన్ ఆడమనిషి, డాక్టర్ కళావతి. నా తలరాత దేవుడు ఎంత నిండుగా రాశాడో చూడు. ప్యాంటు విప్పమంటే బెల్టు పట్టుకుని నిలబడ్డాను. "ఇరవై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న, మీరేం కొత్త సినిమా చూపిస్తలేరు" అంది.

వృషణం పైనుంచి పొట్టలోకి తాడులాంటిది పోతుందట. దాని చుట్టూ ఉండే కొవ్వులో పుట్టిన గడ్డలా ఉందట. సార్కోమా అంటారట. తీసి పరీక్షకు పంపితే గాని ఏ రకమో ఖాయంగా చెప్పలేరు, కానీ క్యాన్సరే అనుకోమంది. చాలా అరుదట, లక్షల్లో ఒకడికి వస్తుందట. మా వంశంలో లక్షల్లో ఒకడుగా నిలిచింది నేనే, నిలిచిన చోటే బాగాలేదు.

ఆలస్యం చెయ్యకుండా గజ్జలోంచి కోసి, గడ్డతో పాటు ఆ వైపుది మొత్తం తీసెయ్యాలట. చుట్టూ కొంచెం కూడా మిగలకూడదట. తీస్తే పదిమందిలో ఎనిమిదిమంది దాకా ఐదేళ్లు ఉంటారంది. మిగతా ఇద్దరి సంగతి నేను అడగలేదు.

అంటే అన్నీ బాగా జరిగితే నాకు ఐదేళ్లు. 2029. సాహిత్య చదువు ఆపి మాఘంలో పెళ్లి చేసేద్దామనుకుంటున్నాను. కొత్త బర్రెలు కొనడం ఆపేశాను, దూడలు పాలకొచ్చేసరికి నేనుండను. ఐదేళ్ల కోసం సగం మగాడిగా బతకడం అవసరమా అని కూడా ఉంది. ఏదైనా సదర్ అయ్యాకే. ఆ ఒక్క రోజు దివాన్ తాడు పట్టుకుని నిండుగా నడుస్తాను.

మీ అక్కకు చెప్పలేదు. ఆమె ఇంకా దున్ననే తిడుతోంది.

వేణుగోపాల్

ఉట్నూరు
22 సెప్టెంబర్ 2024

బావా,

వరిబీజమని నవ్వినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఆ సంగతి పక్కన పెడదాం, ముందు నీ లెక్క సరిచేయాలి.

మా బడి ఐదో తరగతి వరకే. ఐదో తరగతి దాకా పిల్లలకు హాజరు వేస్తాం. ఆ తర్వాత వేరే బడికి పోతారు. మా రిజిస్టర్‌లో ఉండరు, అంతే. చచ్చిపోరు బావా! డాక్టర్ల ఐదేళ్లు కూడా అటువంటిదే. ఎంతమంది ఉన్నారని ఐదేళ్ల దగ్గర ఒకసారి తలలు లెక్కపెడతారు. ఆ ఎనిమిదిమందీ మర్నాడు పొద్దున లేచి చాయ్ తాగుతారు. ఆదిలాబాద్ పోయి ఒక డాక్టరును అడిగే రాస్తున్నాను. ఈ కొవ్వు గడ్డ పోయిందనుకున్నాక ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చట, కాబట్టి ఐదేళ్లు దాటినా చూపించుకుంటూనే ఉండాలి. అది వేరే సంగతి. దానికోసం సాహిత్య చదువు మాన్పించడమేమిటి? పిల్లకు నువ్వు చేస్తున్న అన్యాయం ఆ గడ్డ కన్నా పెద్దది.

మిగతా ఇద్దరి సంగతి అడగలేదన్నావు. నేను చెబుతాను. ఆ ఇద్దరిలో ఒకడు తప్పకుండా పండగయ్యాక వస్తానన్నవాడే.

సగం మగాడట! బండికి రెండో ఎద్దు ఉంది కదా. నీకు పెళ్లయి ఇరవై రెండేళ్లు, ఇప్పుడు కొత్తగా ఎవరికి చూపించాలని? మా అక్కకు కావలసింది నువ్వు, నీ తూకం కాదు.

నాకు భయంగా ఉంది. రాత్రి ఉత్తరం చదివి ఏడ్చాను. నాన్న పోయాక నన్ను చదివించింది నువ్వు. నువ్వు దున్న పేరు చెప్పుకుని చచ్చిపోతే నేను నిన్ను ఎప్పటికీ క్షమించను. దసరా సెలవులకు వస్తున్నాను. నేను వచ్చేసరికి అక్కకు నువ్వే చెప్పి ఉండాలి. లేకపోతే ఆ పని నేను చేస్తాను, స్పీకర్ పెట్టి మరీ.

శివయ్య మామా, మీరు చదువుతున్నారని తెలుసు. ఈ ఒక్కసారికి మంచిదే. ఆయనను కొట్టులో కూర్చోబెట్టి, పైకి చదివి వినిపించండి.

అంజన్

గౌలిపురా
24 నవంబర్ 2024

అంజన్,

కుట్లు మానాయి. దసరాకు వచ్చి ఆపరేషన్ రోజు నువ్వు ఆసుపత్రి వరండాలో పడుకున్నావు కాబట్టి అదంతా మళ్లీ రాయను. నువ్వు పోయాక పరీక్ష రిపోర్టు వచ్చింది. కొవ్వులో పుట్టిన రకమే, నెమ్మదిగా పెరిగేదట. అంచులు శుభ్రంగా ఉన్నాయట. మూడు నెలలకోసారి రమ్మన్నారు. కళావతమ్మను ఐదేళ్ల గురించి మళ్లీ అడిగాను. "మీ బామ్మర్ది మా కన్న మంచిగ చెప్పిండు" అని నవ్వింది. సాహిత్య కాలేజీకి పోతోంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు రావడానికి రెండు రోజుల ముందు మీ అక్కకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "నీ రోగం తీసి దున్న మీద వెట్టినవ్. రేపు నువ్వు లేకుంట వోతే నేను ఎవ్వని మీద వెట్టాలె? పోలీస్ టేషన్ల దివాన్ మీద కేసు వెట్టాల్నా?" అంది. అప్పుడు ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే పాకకు పోయి దివాన్‌కు ఇంత బెల్లం ముద్ద పెట్టి, దాని మెడ పట్టుకుని నిలబడింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అది ఎప్పటిలాగే నమిలింది.

సదర్ రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. దివాన్‌ను మావాళ్లు నడిపించారు. మామ ఫ్లెక్సీ ఆపలేదు. పూలదండ వేసి, మైకు నా చేతికిచ్చాడు. దున్న దెబ్బ గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నాకు ఏమైందో తెలియదు. "అన్నలారా, దివాన్ నన్ను కుమ్మలే. పాపం, దానికి కుమ్ముడే రాదు. నాకు క్యాన్సర్ అయింది. చెప్పనీకి సిగ్గయి దాని మీద వెట్టిన. మీకెవరికన్న గాడ గడ్డ ఉంటే దున్న మీద వెట్టకుండ్రి, డాక్టర్ తానకు వోండ్రి" అన్నాను. బ్యాండువాళ్లు కాసేపు చూసి తీన్‌మార్ కొట్టారు, వాళ్లకు వచ్చింది అదొక్కటే.

మర్నాడు పాకకు ముగ్గురు వచ్చారు, విడివిడిగా. ఒకడు బైకు మీద నుంచి పడ్డానన్నాడు. ఒకడు క్రికెట్ బంతి తగిలిందన్నాడు. ఒకడు ఏమీ అనకుండా చాయ్ తాగి, డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందని అడిగి పోయాడు. ఇద్దరివి వట్టి నీరేనని తేలింది. మూడోవాడికి హెర్నియా.

వారం పోయాక మామ వచ్చాడు. "మీ బామ్మర్ది రాసినయి అన్నీ చదివిన" అన్నాడు. చేత్తో తన గజ్జ చూపించాడు. నేనే ఆటోలో తీసుకెళ్లాను. కళావతమ్మ చూసి, ఎలా అయిందని అడిగింది. మామ గొంతు సవరించుకుని, "సదర్ల దున్న కుమ్మింది" అన్నాడు. ఆమె రాయబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, మామా నిజం చెప్పు అన్నాను. ఆ ముసలాయన నా చొక్కా పట్టుకున్నాడు. "గది కూడ లేదంటే నేనెవ్వన్ని రా? ఒట్టి దాణా కొట్టు శివయ్యనే గదా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయనను ఏ దున్నా కుమ్మలేదు అంజన్. మూడేళ్లుగా ఆ గడ్డనే మోస్తూ నడిచాడు. ఆ నడకకే మేమంతా దండం పెట్టాం. దున్న కుమ్మిందని చెప్పడం నేను నేర్చుకున్నదే ఆ నడక చూసి.

స్కాన్‌లో గడ్డ పొట్టలోకి పాకిందని, ఊపిరితిత్తుల్లో కూడా మచ్చలున్నాయని వచ్చింది. ముక్క తీసి పరీక్షిస్తే నాదీ ఆయనదీ ఒకే జాతి అని తేలింది, లక్షల్లో ఒకడన్నది మాలోనే ఇద్దరమయ్యాం. ఆయనది ముదిరింది. మందులు మొదలుపెడతారట. నాకు అడగకుండానే ఐదేళ్ల లెక్క చెప్పిన డాక్టరమ్మ, మామ రెండుసార్లు అడిగినా చెప్పలేదు. "ముందుగాల మందు ఎట్ల వని చేస్తదో చూద్దాం తాతా" అంది.

ఇప్పుడిక నాకు దాపరికం లేదు, నువ్వు మా ఇంటికే రాయొచ్చు. అయినా కొట్టుకే రాయి. మామ రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం చూస్తున్నాడు. కాస్త నవ్వొచ్చేట్టు రాయి.

నీ బావ,
వేణుగోపాల్